కాలర్ మాస్టారు కుట్టిన సంచి

కాలర్ మాస్టారు తన జీవితంలో ఒక్క చొక్కా కూడా మొదటి నుంచి చివరిదాకా కుట్టలేదు. ముప్పై నాలుగేళ్లు చొక్కాల ఫ్యాక్టరీలో పనిచేసిన మనిషి గురించి ఇలా అంటే ఎవరూ నమ్మరు. కానీ ఫ్యాక్టరీ అంటే అంతే మరి. చేతులు కుట్టేవాళ్లు వేరు, జేబులు అతికేవాళ్లు వేరు, కాజాలు తీసే మిషను వేరు. మాస్టారిది కాలర్ల వరస. రెండు గుడ్డ ముక్కలు, వాటి మధ్య కాలర్ నిటారుగా నిలబడడానికి బక్రం అనే గట్టి గుడ్డ, మూడు పక్కలా కుట్టు. ఆ తర్వాత లోపలిది బయటికి తిరగేసి, సన్నటి పుల్లతో మూలలు పొడిచి, మొన తేల్చి పక్క బుట్టలో పడేయడం. కుట్టూ, గుడ్డ అంచులూ అన్నీ లోపలికి పోవాలి. బయటికి నున్నగా కనిపించాలి. అలా రోజుకి మూడొందల కాలర్లు. ఎంతమంది మెడలు ఆయన పనితనాన్ని మోస్తూ తిరిగాయో గానీ, "కాలరు భలే కుదిరిందయ్యా" అని ఒక్కడైనా అన్న పాపాన పోలేదు. బాగున్న కాలర్ని ఎవరు చూస్తారు?

ఫ్యాక్టరీ మూతపడ్డాక పాత మిషను ఒకటి తెచ్చుకుని ఇంటి ముందు గదిలో పెట్టుకున్నాడు. జిప్పులు మార్చడం, ప్యాంట్ల పొడవు తగ్గించడం, నడుం దగ్గర వదులు చేయడం, ఇవీ పనులు. ఎవరైనా కొత్త గుడ్డ తెచ్చి చొక్కా కుట్టమంటే "ఖాళీ లేదండీ" అనేవాడు. నిజానికి రోజంతా ఖాళీయే. చొక్కా కత్తిరించడం రాదని చెప్పుకోవడానికి సిగ్గు. కొన్ని రోజులు వీధి మలుపులో బస్సులు తిరగడం చూస్తూనే పొద్దు గడిపేవాడు. బతుకంతా ఒకటే ముక్క కుట్టాను, ఆ ముక్క కూడా ఇప్పుడెవరికీ అక్కర్లేదన్న దిగులు ఆయన్ని లోపల్లోపలే తినేస్తూ ఉండేది. ఎవరితోనైనా చెప్పుకుంటే కాస్త తేలికపడేవాడేమో.

చెప్పుకోవడానికి ఇంట్లో ఉన్నది అక్క ఒక్కతే. ఆయన కంటే ఆరేళ్లు పెద్ద. బస్టాండులో టికెట్ల కిటికీ వెనక ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. మాటలు ఇప్పటికీ ఆ కిటికీ కన్నంలోంచి వచ్చినట్టే పొట్టిగా, ఖరాఖండిగా వస్తాయి. పెళ్లయిన రెండేళ్లకే ఒక ట్రంకు పెట్టెతో తిరిగొచ్చేసింది. ఎందుకొచ్చావని తమ్ముడు అడగలేదు, ఆవిడా చెప్పలేదు. అక్క సంగతి ఏదో ఒకటి తేలాక తన పెళ్లి మాట చూద్దామని ఆయన ఆగాడు. ఆగుతూ ఆగుతూ అరవై దాటాడు. ఇలాంటి ఇళ్లు మీకూ తెలిసే ఉంటాయి. గొడవలుండవు, నవ్వులూ ఉండవు, గిన్నెల చప్పుడు తప్ప ఇంకేమీ వినపడదు.

అలాంటి ఇంటికి ఒక పొద్దున, వీధి కుక్కల కోసం షెల్టర్ నడిపే ఆవిడ వ్యాను వేసుకుని వచ్చింది. చిరిగిన దుప్పట్ల మూట ఒకటి మాస్టారి ముందు పడేసి, "ఇవి కుట్టండి గానీ, ఇంకో పనుంది, ఇలా రండి" అని వ్యాను వెనక తలుపు తీసింది.

లోపల ఒక కుక్క ఉంది. నల్లటి ఒత్తు బొచ్చు, తెల్లటి గడ్డం. ఏదో లారీ నడుం మీంచి పోయిందట, అక్కణ్నించి కిందంతా చచ్చుబడిపోయింది. ముందు కాళ్లతో ఒళ్లు ఈడ్చుకుంటూ వ్యాను అంచుదాకా వచ్చి, ఆ అంచు మీద గడ్డం ఆనించి మాస్టారి వైపు చూసింది. మొరగలేదు. తోక ఊపుదామంటే తోకలో ప్రాణం లేదు. ఊరికే చూసింది, అంతే.

"నేల మీద ఈడ్చుకుని చర్మం లేచిపోతోంది మాస్టారూ. వెనక భాగమంతా పట్టేలా ఒక సంచి కుట్టగలరా? భుజాలకి పట్టీలు పెట్టి?"

ఖాళీ లేదు అనబోయాడు. "కొలత తీసుకోనివ్వమ్మా" అన్నాడు.

కొలత తీస్తుంటే కుక్క టేపు నాకింది. మూడు రోజులు కుట్టాడు. అడుగుకి జారడానికి వీలుగా రెక్సిన్, లోపల మెత్తటి నూలు గుడ్డ, భుజాలకి బెల్టుల్లాంటి పట్టీలు. తనే గీసుకున్నాడు, తనే కత్తిరించాడు, తనే కుట్టాడు. అరవై రెండేళ్ల వయసులో, ఆది నుంచి అంతం దాకా తన చేతి మీదుగా తయారైన మొట్టమొదటి వస్తువు అది. మరి దాన్ని ఎలా కుట్టి ఉంటాడు? ఆయనకి తెలిసింది ఒక్కటే విద్య. తుంటి దగ్గర సంచి వేలాడిపోకుండా రెండు మూలల్లో బక్రం పెట్టాడు. కుట్లన్నీ లోపలికి తిప్పాడు. పుల్ల పెట్టి మూలలు పొడిచాడు. బయటి నుంచి చూస్తే ఒక్క దారప్పోగు కనిపించదు. షెల్టరావిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "అబ్బ, ఎంత నీటుగా కుట్టారు మాస్టారూ!" అంది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

వారం తిరక్కుండానే ఆవిడ ఆ కుక్కని తీసుకుని మళ్లీ వచ్చింది. ఈసారి ముఖంలో కళ లేదు. "నెలాఖరుకి షెల్టర్ స్థలం ఖాళీ చేసేయాలంటున్నారు. నడిచేవాటిని ఎవరో ఒకరు తీసుకుపోతారు. వీణ్ని ఎవరు తీసుకుంటారు చెప్పండి? పూటపూటా పొట్ట నొక్కి ఉచ్చ పోయించాలి. మంచివాడే పాపం, పిల్లి వచ్చి గిన్నెలో మూతి పెట్టినా జరిగి చోటిస్తాడు. కానీ..." అని ఆపేసింది.

"నా దగ్గర ఉంచు" అన్నాడు మాస్టారు. అక్కని అడక్కుండా ఆయన చేసిన పని జీవితం మొత్తం మీద బహుశా ఇదొక్కటే.

ఆవిడ కళ్లు తుడుచుకుని, వెళ్తూ వెళ్తూ చిలక్కి చెప్పినట్టు చెప్పింది. "ఒక్క మాట గుర్తుంచుకోండి మాస్టారూ. వీడికి నడుం కింద ఏమీ తెలియదు. కోసుకుపోయినా కుయ్యిమనడు. రోజూ సంచి విప్పి, బొచ్చు పాయలు తీసి, ఒళ్లంతా చూడాలి. ఒక్కరోజు కూడా మానకూడదు."

"రోజూ చూస్తానమ్మా."

ఆ మాట ఆయన ఊరికే అనలేదు. నిజంగానే రోజూ చూశాడు. ఏం చూశాడన్నదే నా బాధ.

మార్కెట్ నుంచి వచ్చిన అక్క గుమ్మంలోనే ఆగిపోయింది. "ఏంట్రా ఇది?"

"కుక్కక్కా."

"ఏనుగని అన్నానా? మన గదిలో ఎందుకుంది?"

మాస్టారు నసుగుతూ అంతా చెప్పాడు. ఆవిడ చేతిలో సంచీ దించకుండానే విని, "నా మోకాళ్లు చూశావా? నీ నడుం చూశావా? ఈ ఇంట్లో సరైన కాళ్లు ఎన్నున్నాయో లెక్కపెట్టి ఆ తర్వాత తేవాల్సింది కుక్కని" అంది. కుక్క ముందు కాళ్ల మీద జరుక్కుంటూ వచ్చి ఆవిడ చెప్పుల మీద గడ్డం ఆనించి పడుకుంది. అక్క కాలు తీయలేదు. అలాగే చాలాసేపు నిలబడి, "తీసెయ్, కూరగాయలు బరువుగా ఉన్నాయి" అంది చివరికి. ఏది తీయమందో మాస్టారికి అర్థం కాక సంచీ అందుకున్నాడు.

పేరు పెట్టింది కూడా ఆవిడే. "కూర్చున్న చోటికే అన్నీ రావాలి. ఒళ్లు వంచకూడదు. మనం తినిపిస్తుంటే మనల్నేదో ఉద్ధరిస్తున్నట్టు చూడాలి. అల్లుడొచ్చాడురా ఇంటికి!" కూతురే లేని ఇంటికి అల్లుడు. అనేశాక ఆవిడే లేచి గిన్నెలు సర్దుకోసాగింది. కానీ ఆ పేరే ఖాయమైపోయింది.

నాలుగు నెలలు. ఆ ఇంటికి దక్కిన మంచిరోజులు అవే, ఎక్కువ ఊహించుకోకండి. పూటపూటా పొట్ట నొక్కే పని అక్క తన మీదేసుకుంది. "నీ బలం నీకు తెలీదు, నలిపేస్తావు" అని తమ్ముణ్ని దగ్గరికి రానిచ్చేది కాదు. అల్లుడు ముందు గదిలో మిషను పక్కన పడుకునేవాడు. జనం వస్తే సర్రున జారుకుంటూ గుమ్మం దాకా ఎదురెళ్లేవాడు. పక్క కొట్లో తాళాలు చేసేవాడు రోజూ తొంగిచూసి, "అల్లుడుగారు టిఫిను చేశారా?" అని అడిగేవాడు. "చేశారు, నిన్ను కూడా తినేయమంటావా?" అనేది అక్క లోపల్నించి. వీధిలో పోయేవాళ్లు ఆగి, "ఈ సంచి ఎవరు కుట్టారండీ?" అంటే మాస్టారు మెడ నిక్కించి "నేనే" అనేవాడు. ఆ రెండక్షరాల కోసం ఆయన రోజూ తలుపులు బార్లా తీసి కూర్చునేవాడని నా అనుమానం.

మొదటి రెండు వారాలూ చెప్పింది చెప్పినట్టే చేశాడు. సంచి విప్పి, బొచ్చు పాయలు తీసి, వెలుగులో చూశాడు. ఎక్కడా గీత కూడా లేదు. ఆ తర్వాత ఆయన చూపు తనకు తెలియకుండానే పక్కకి జరిగింది. సాయంత్రం సంచి విప్పగానే సంచినే చూడడం మొదలుపెట్టాడు. అడుగు ఎక్కడ అరిగింది, దారం ఎక్కడ పిగిలింది, పట్టీ సాగిందా, మూల చెదిరిందా. ఫ్యాక్టరీలో వరస చివర కూర్చునే మనిషి కాలర్ని తీసుకుని తిప్పి చూస్తాడు, కుట్టు చూస్తాడు, మొన చూస్తాడు, బాగుంటే పక్కన పెడతాడు. అది తొడుక్కున్నవాడి మెడ ఎలా ఉందో అక్కడ ఎవరూ చూడరు. ముప్పై నాలుగేళ్లు ఆ చూపుకి అలవాటుపడ్డ కళ్లు ఆయనవి. సంచి బాగుంటే కుక్క బాగున్నట్టే అనుకున్నాయి.

నాలుగో నెలలో సంచి లోపల, కుడి మూల దగ్గర ఒక మరక కనిపించింది. పసుపు, గోధుమ కలిసిన రంగు. ఉచ్చ కారుతోందనుకుని ఉతికాడు. మర్నాడు అదే చోట మళ్లీ కనిపించింది. మూల మెత్తబడి సంచి వదులైపోయిందని, అందుకే తడి అక్కడికి చేరుతోందని తేల్చుకున్నాడు. లోపలి గుడ్డ మార్చి, ఆ మూలలో ఇంకో పొర బక్రం వేసి, పుల్లతో మళ్లీ పొడిచి, పట్టీ ఒక కన్నం బిగించాడు. మరక పోలేదు. మూడో రోజు మరో పొర వేశాడు. ఆ పని చేస్తున్నంతసేపూ అల్లుడు ఆయన పాదం మీద తల పెట్టుకుని పడుకునే ఉన్నాడు.

"ఏదో వాసనేస్తోందిరా" అంది అక్క.

"ఉచ్చ వాసనేలే. సంచి ఉతుకుతాను."

"వీడు సరిగ్గా తినడం లేదు."

"ఎండలు కదక్కా."

అన్నిటికీ ఆయన దగ్గర జవాబుంది. అదే కడుపు మండించే విషయం. పట్టించుకోని మనిషైతే తిట్టిపోసి ఊరుకునేవాణ్ని. ఈయన పొద్దస్తమానం ఆ కుక్క ధ్యాసలోనే ఉండి ఇలా చేశాడు.

తర్వాతి వారం ఒక మధ్యాహ్నం అక్క దువ్వెన పట్టుకుని అల్లుడి బొచ్చు చిక్కు తీస్తోంది. తుంటి కిందికి చెయ్యి పోనిచ్చి, టక్కున ఆగి, చెయ్యి తీసి చూసుకుంది. "ఒరేయ్" అని పిలిచింది. ఆ పిలుపు విని మాస్టారు మిషను వదిలేసి లేచాడు. అక్క గొంతు అంత చిన్నగా ఎప్పుడూ వినలేదాయన.

పశువుల డాక్టరమ్మ బొచ్చు గొరిగించి చూసింది. తుంటి కింద, కూర్చునే ఎముక దగ్గర, గుప్పెడంత మేర కుళ్లిపోయి ఉంది. లోపల తెల్లగా ఎముక కనిపిస్తోంది.

"వీడికి స్పర్శ లేదని మీకు తెలుసు కదా? రోజూ చూసుకోమని ఎవరూ చెప్పలేదా?"

"చూశానమ్మా. రోజూ చూశాను."

"ఏం చూశారు మాస్టారూ?"

ఆయన చేతిలో ఉన్న సంచి ఆవిడకి చూపించాడు.

డాక్టరమ్మ సంచి అందుకుని లోపలికి చెయ్యి పెట్టింది. అంచు వెంబడి వేలు పోనిచ్చి కుడి మూల దగ్గర ఆపింది. "ఇక్కడేంటి ఇంత గట్టిగా ఉంది? లోపల ఈ కుట్లేంటి ఇలా గరుగ్గా?"

"మూల కుదురుగా నిలబడాలని. బయటికి బాగుండాలని."

ఆవిడ సంచిని తిరగేసి చూసింది. చిన్నపిల్లేమీ కాదు, ఇలాంటివి చూసే ఉంటుంది. నెమ్మదిగా అంది. "దీన్ని తిరగేసి తొడిగినా సరిపోయేది మాస్టారూ. కుట్లు బయటికి వచ్చేలా."

ఆ ఒక్క మాటతో మనిషి కూలిపోయాడు. ఏ మందో మాకో దొరకని రోగమైతే దేవుణ్ని తిట్టుకుని ఊరట పడేవాడు. ఇది తిరగేసి తొడిగితే పోయే ప్రమాదం. తిరగేయడమే వృత్తిగా బతికిన మనిషికి ఆ సంగతి తట్టలేదు.

పన్నెండు రోజులు కట్లు కట్టారు. పొద్దునా సాయంత్రం ఇంజెక్షన్లు. మాస్టారు కొట్టు తెరవలేదు. చాప తెచ్చుకుని అల్లుడి పక్కనే కూర్చునేవాడు. పుండు కడిగేటప్పుడు అక్క మొహం తిప్పుకునేది గానీ గిన్నె వదిలేది కాదు. వాడు మాత్రం ఎప్పటిలాగే ఉన్నాడు. జ్వరంతో ముక్కు కాలిపోతున్నా, మాస్టారి చెయ్యి దగ్గరికొస్తే నాకేవాడు. ఒక్కసారి గుర్రుమన్నా, మూతి తిప్పుకున్నా ఆయనకి కాస్త శాంతిగా ఉండేది. నాకినప్పుడల్లా చెయ్యి వెనక్కి లాక్కునేవాడు, వాడు బాధపడతాడని మళ్లీ పెట్టేవాడు. పక్క కొట్టువాడు గుమ్మం దాకా వచ్చి, అడగబోయింది మింగేసి వెళ్లిపోయాడు.

ఆరో రోజున ఆయన మిషను దగ్గరికెళ్లి గంటలో కొత్త సంచి కుట్టాడు. బక్రం లేదు, మూలలు లేవు, కుట్లన్నీ బయటికే. వికారంగా ఉంది. తెచ్చి చాప పక్కన పెట్టాడు. తొడగడానికి వీల్లేదు, కట్టు అడ్డం.

పన్నెండో రోజున డాక్టరమ్మ ఇంటికే వచ్చింది. చీము ఎముకలోకి దిగిపోయిందని, రక్తంలో కలిసిపోతోందని, ఇంకో నాలుగైదు రోజులు లాగితే ముందు భాగానికి కూడా పాకుతుందని చెప్పింది. "ఇప్పటిదాకా వాడికి పెద్దగా బాధ తెలియలేదు. ఇకమీదట తెలుస్తుంది. అది రాకముందే సూది మందుతో పంపించేయడం మంచిది. నిర్ణయం మీదే."

"మీరే చెప్పండి" అన్నాడు మాస్టారు.

"మీరే చెప్పాలి మాస్టారూ."

ఆయన అక్క వైపు చూశాడు. అక్క కిటికీ వైపు చూస్తోంది. అరవై రెండేళ్లలో అన్నిటికీ అక్క ముఖం చూసిన మనిషికి ఆ పూట అక్క ముఖం దొరకలేదు. "రేపు పొద్దున తీసుకొస్తాను" అన్నాడు.

పొద్దున వెళ్లేముందు అక్క అల్లుడికి మొహం తుడిచింది. చెవులు సర్దింది. "వెళ్లి రా" అనబోయి, ఆ మాట చెప్పడానికి వీల్లేదని తెలిసి, వంటగదిలోకి వెళ్లిపోయింది.

బల్ల మీద పడుకోబెట్టారు. "తల మీరు పట్టుకోండి" అంది డాక్టరమ్మ. ముందు కాలి మీద కాస్త బొచ్చు తీసి సూది గుచ్చింది. అల్లుడు కుయ్యిమన్నాడు. ఆ గొంతు మాస్టారు అంతకుముందు ఎప్పుడూ వినలేదు. సన్నగా, పసిపిల్లాడిలా ఉంది. వాడు ఉలిక్కిపడి ఎవరు చేశారా అని తల తిప్పి చూశాడు. మాస్టారు కనిపించాడు. కనిపించగానే ధైర్యం తెచ్చుకుని, గడ్డం ఆయన అరచేతిలో పెట్టేశాడు. మందు ఎక్కేదాకా అలాగే చూస్తూ ఉన్నాడు.

ఇంటికొచ్చేసరికి పది దాటింది. వీధిలో బస్సులు మామూలుగానే తిరుగుతున్నాయి. అక్క ముందు గదిలో, మిషను ముందున్న స్టూలు మీద కూర్చుని ఉంది. ఎప్పుడూ కూర్చోదక్కడ.

"బాధపడ్డాడా?"

లేదని చెబుదామనే దారంతా అనుకున్నాడు. నోటికి అబద్ధం రాలేదు. "సూది గుచ్చినప్పుడు ఒక్కసారి అరిచాడక్కా. ముందు కాలు కదా, తెలుస్తుంది." గోడతో అన్నట్టు అన్నాడు. "వెనక కూడా తెలిసుంటే అరిచి ఉండేవాడు. నాకు వినపడేది."

అక్క తల ఎత్తింది. కోపం లేదు ఆ మొహంలో. కళ్లు మాత్రం వాచిపోయి ఉన్నాయి.

"వాడికి తెలియదనే కదరా నిన్ను రోజూ చూడమన్నారు" అంది.

అని, వెంటనే చేత్తో నోరు మూసుకుంది. అన్న మాట ఇక వెనక్కి రాదు. మాస్టారు "అవునక్కా" అన్నాడు. గుమ్మంలోనే, చెప్పులు కూడా విప్పకుండా నిలబడిపోయాడు. లోపలికి రమ్మని అక్క అనలేకపోయింది, ఆయన రాలేకపోయాడు.